బయటి దేశాల్లో ఇల్లు లేనోళ్ళతో పని చేయాలనుందండి, దారి తెలిసినోళ్ళు చెప్పరా?

లంకపిల్ల:
నమస్కారమండి అందరికీ. చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మాది ముమ్మిడివరం దగ్గర ఒక లంక. ఎం.ఎస్.డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేశాను, ఇప్పుడు గోదారి ఒడ్డున ఒక టౌన్లో ఇల్లు లేనోళ్ళ కోసం నడిచే రాత్రి షెల్టర్‌లో పని చేస్తున్నా. ఊరి పేరు, సంస్థ పేరు వద్దులెండి, రేవు ఉన్న టౌనే, అర్థం చేసుకోండి. సాయంత్రం స్టేషన్ దగ్గర, రేవు దగ్గర, బస్టాండ్ దగ్గర తిరిగి ఎవరైనా వస్తానంటే తీసుకొచ్చి పడుకోబెట్టడం, పొద్దున్నే టీ, టిఫిన్, ఒంట్లో బాలేనోళ్ళని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడం, ఆధార్ లేనోళ్ళకి ఆధార్ కోసం తిరగడం, ఇదీ నా పని. పని నచ్చింది, జీతమే ఎప్పుడు పడుద్దో తెలీదు.

అడగాల్సింది ఏంటంటే, ఇదే పని బయటి దేశంలో చేయడానికి వెళ్ళొచ్చా? యూకే అయినా, జర్మనీ అయినా, ఎక్కడైనా సరే. అక్కడ రోడ్డు మీద ఉన్నోళ్ళకి ముందు గది తాళం చేతిలో పెట్టి ఆ తర్వాతే మందు మాన్పించడం గట్రా చూస్తారని చదివా, ఫిన్లాండ్‌లో 2008 నుంచి అలాగే చేస్తున్నారంట. అది దగ్గరుండి చూడాలని ఉంది. ఇంకోటి దాచకుండా చెప్తున్నా, డబ్బులు కూడా కావాలి, ఇంటి మీద అప్పుంది, చెల్లి చదువుతోంది. అమలాపురంలో ఒక కన్సల్టెన్సీ ఆయన్ని అడిగితే "సోషల్ వర్కా, అది ఫ్రీగా చేసేది కదమ్మా, నర్సింగ్ ఉంటే చెప్పు" అన్నాడు. తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

గోదారి_గట్టు:
అమ్మాయ్, నీ వయసు పిల్లలు నాకూ ఉన్నారు కాబట్టి చెప్తున్నా, ఏమనుకోకు. ఇల్లు లేనోళ్ళు లండన్‌లోనే ఉన్నారా? మన రేవులో ఎంతమంది పడుకుంటున్నారో నీకే తెలుసు కదా. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ దేశం వెళ్ళారమ్మా? అర్ధరాత్రి వరదలో పడవ దిగి వచ్చినోడికి కూడా ఆకేసి అన్నం పెట్టారు, కన్నుమూసిందేమో 1909లో, ఇప్పటికీ బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టుకున్నాం. ఆవిడ జీతం అడిగారా? సేవ అంటూనే మళ్ళీ డబ్బులు కూడా కావాలంటే ఎలాగ? ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. వెళ్తే వెళ్ళు, సంపాదనకే అని చెప్పి వెళ్ళు.

కాజా_బాబాయ్:
గట్టు గారు ఆకేశారండి, వడ్డించేవాళ్ళు రండి 😄

తూర్పులండన్_భీమవరం:
హలో అండి. నేను లండన్‌లో ఒక హాస్టల్‌లో సపోర్ట్ వర్కర్‌ని. హాస్టల్ అంటే మన కాలేజీ హాస్టల్ కాదు, రోడ్డు మీద నుంచి వచ్చినోళ్ళు ఉండే చోటు. కాబట్టి మీరు అడిగిన పని నేను చేస్తున్నదే. ముందు చేదు వార్త చెప్పేస్తా, తర్వాత మిగతాది.

ఈ ఉద్యోగానికి వీసా రాదు. నేను చేయగలుగుతున్నానంటే మా ఆవిడ నర్సు, నేను ఆవిడ మీద డిపెండెంట్‌గా వచ్చా కాబట్టి ఏ పనైనా చేసుకోవచ్చు. 2025 జూలై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి, పైగా అది డిగ్రీ స్థాయి ఉద్యోగం అయ్యుండాలి. మా సపోర్ట్ వర్కర్ల జీతం దాని దరిదాపుల్లోకి కూడా రాదు. ఇక్కడ రోడ్ల మీద తిరిగే టీముల్ని నడిపేది దాదాపు ఛారిటీలే, వాళ్ళకి గవర్నమెంటు, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) కాంట్రాక్టులే ఆధారం, మీకు స్పాన్సర్‌షిప్ ఇచ్చేంత స్తోమత వాళ్ళకుండదు.

పని ఎలా ఉంటుందో చెప్పమంటే ఆగకుండా చెప్తా. మేం రాత్రి పూటో తెల్లారుజామునో తిరుగుతాం. కొత్తగా వచ్చినప్పుడు నాకు నేర్పిన మొదటి విషయం, పడుకున్న మనిషి తల దగ్గర నిలబడి లేపకూడదు. రోడ్డు మీద పడుకునేవాడిని అర్ధరాత్రి తన్నినోళ్ళుంటారు, ఉచ్చ పోసినోళ్ళుంటారు, తల మీద నీడ పడితే ముందు చెయ్యి లేస్తుంది. అందుకని కాళ్ళ వైపు నుంచి వెళ్ళాలి, టార్చి నేలకి కొట్టాలి, కాస్త దూరంలో గొంతుక్కూర్చుని మన పేరు, ఎక్కణ్ణుంచి వచ్చామో చెప్పాలి, టీ కావాలా అని అడగాలి. పొమ్మంటే పోవాలి, మర్నాడు మళ్ళీ రావాలి. టీలో పంచదార ఎన్ని స్పూన్లో గుర్తు పెట్టుకుంటే చాలు, కొంతమంది దానికే మాట కలుపుతారు. బ్యాగులో నలోక్సోన్ అనే ముక్కు స్ప్రే పెట్టుకుని తిరుగుతాం, హెరాయిన్ ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే అది కొడితే మనిషి తిరిగొస్తాడు. రాత్రికి సున్నా డిగ్రీలకి పడిపోద్దని సూచన వస్తే కౌన్సిళ్ళు అత్యవసరంగా మంచాలు తెరుస్తాయి, ఆ రాత్రుళ్ళు మాకు నిద్ర ఉండదు.

లెక్కలు కావాలంటే, 2024 చివర్లో ఒక్క రాత్రి లెక్క తీస్తే ఇంగ్లాండ్ మొత్తం మీద రోడ్డు మీద పడుకున్నోళ్ళు 4,667 మంది. అది ఒక్క రాత్రి సంగతి, లండన్‌లో ఒక్క ఏడాదిలో, 2024-25లో, మా టీములకి కనిపించినోళ్ళే 13 వేల పైన. ఎందుకు చెప్తున్నానంటే ఇక్కడేదో స్వర్గం అనుకుని రావద్దు.

ఇంకో మాట. మన స్టూడెంట్లు కూడా ఈ లెక్కలోకి వచ్చేస్తున్నారండి, ఎవరూ బయటకి చెప్పుకోరు గానీ. స్టూడెంట్ వీసా వాళ్ళకి పబ్లిక్ ఫండ్స్ వర్తించవు, అంటే అద్దె కట్టలేక బయటపడితే ఇళ్ళ కోసం కౌన్సిల్ గుమ్మం ఎక్కినా వాళ్ళు చేయగలిగేది చాలా తక్కువ. మొన్న చలికాలంలో ఒక కుర్రాడు నైట్ బస్సుల్లో పడుకుంటున్నాడని తెలిసి వెళ్తే మన గోదారి యాస. తణుకు దగ్గరోడు. ఇంట్లో మాత్రం వీడియో కాల్ లైబ్రరీలోంచి చేస్తున్నాడు. తిండి గురుద్వారాలో, సౌతాల్‌లో లంగర్ లేకపోతే ఎంతమంది ఏమైపోయేవారో.

కొత్త_సభ్యుడు_2291:
యూకే కేర్ వీసా 100 శాతం గ్యారంటీ!! ఐఈఎల్టీఎస్ అక్కర్లేదు, ఫ్యామిలీతో వెళ్ళొచ్చు, 14 లక్షలు మాత్రమే, సగం ముందు సగం వీసా తర్వాత. సోషల్ వర్క్ వాళ్ళకి స్పెషల్ డిస్కౌంట్. వాట్సాప్ చేయండి

మోడరేటర్:
నంబర్ తీసేశాం, సభ్యుణ్ణి ఆపేశాం. మెసేజ్ మాత్రం కావాలనే ఉంచుతున్నాం, ఎలా రాస్తారో అందరూ చూస్తారని. యూకేలో కేర్ వర్కర్లు, అంటే ముసలోళ్ళనీ ఒంట్లో బాలేనోళ్ళనీ చూసుకునేవాళ్ళు, డిపెండెంట్లని (భార్య లేదా భర్త, పిల్లల్ని) తీసుకెళ్ళే వీలు 2024 మార్చి 11తో ఆగిపోయింది. బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని తీసుకోవడం 2025 జూలై 22తో మొత్తానికే ఆగిపోయింది. కాబట్టి ఇతగాడు అమ్ముతున్నది లేని వస్తువు. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంటుకి లైసెన్సు ఉండాలి, వాళ్ళు తీసుకోదగ్గ ఫీజు కూడా గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరు కొట్టి చూసుకోవచ్చు.

కాజా_బాబాయ్:
14 లక్షలకి డిస్కౌంట్ కూడా ఇస్తున్నాడంటే ఎంత దయగలోడండి.

లంకపిల్ల:
లండన్ అన్నా, చాలా థాంక్స్, కాళ్ళ వైపు నుంచి వెళ్ళాలన్నది చదివి ఒక్క నిమిషం ఆగిపోయా, మాకు ఎవ్వరూ చెప్పలేదు, రేపట్నుంచి మా టీమ్‌లో చెప్తా.

గట్టు బాబాయ్ గారూ, మీరు పెద్దవారు, కోపంగా అనట్లేదు. సీతమ్మ గారంటే మా ఇంట్లో కూడా దండం పెట్టుకునే మనిషే. కానీ ఆవిడ వెనకాల భర్త జోగన్న గారి ఎకరాలున్నాయండి. నా వెనకాల బ్యాంకు నోటీసుంది. ఆవిడ కూడా పెట్టీ పెట్టీ ఆస్తి కరగబెట్టుకున్నారని మీరే చెప్తారు కదా, మరి కరగడానికి నా దగ్గర ఏముంది? ఆసుపత్రిలో డాక్టరు గారు జీతం తీసుకుంటే సేవ కాకుండా పోతుందా? మరి మమ్మల్నే ఎందుకు అడుగుతారండి అందరూ.

ఇక్కడ లేరా అంటే, ఉన్నారు, అందుకే అడుగుతున్నా. ఊళ్ళో ప్రతి లక్ష మందికీ ఒక షెల్టర్ ఉండాలని సుప్రీం కోర్టు 2010లోనే చెప్పింది. మా షెల్టర్ రిజిస్టర్‌లో పేరు, వయసు, తర్వాత చిరునామా అని ఒక గడి ఉంటుంది. షెల్టర్‌కి వచ్చినోణ్ణి చిరునామా ఏంటని అడగాలి నేను. ఒక ముసలాయన రోజూ "రేవులో మూడో మెట్టు, రావిచెట్టు వైపు" అని రాయించుకుంటాడు, పోస్టు వస్తే అక్కడికే తెచ్చేయమంటాడు. ఆయనకి పింఛను రాదు, ఎందుకంటే ఆధార్‌కి అడ్రస్ కావాలి, మెట్టు పనికిరాదు. సంస్థ అడ్రస్ మీద తీయించొచ్చు, ఆ ఉత్తరం కోసం ఎన్నిసార్లు తిరిగానో. 2027లో పుష్కరాలొస్తున్నాయి, అప్పుడు మెట్లు కడిగి, రంగులేసి, వీళ్ళందర్నీ ఎటో ఒకవైపు తోలేస్తారు, ఆ తోలడం ఎటో ఇప్పుడే ఎవరన్నా ఆలోచిస్తున్నారా అంటే నాకు కనిపించలేదు. ఇంకో పద్ధతిగా పని జరిగే చోటు ఒకటి చూసి వస్తే ఇక్కడ నోరు తెరిచి అడగడానికన్నా ఉంటుందని నా ఆశ.

కాకినాడ_టు_లీడ్స్:
ఈ పోస్టు ఎవరో పంపితే వచ్చా. నేను లీడ్స్‌లో రిజిస్టర్డ్ సోషల్ వర్కర్‌ని, మనదే ఎం.ఎస్.డబ్ల్యూ. చెల్లీ, భీమవరం తమ్ముడు చెప్పిందంతా నిజమే, కానీ సగమే. మిగతా సగం నేను చెప్తా.

ఇంగ్లాండ్‌లో సోషల్ వర్కర్ అని ఎవరు పడితే వాళ్ళు పెట్టుకోకూడదు, చట్టం ప్రకారం నేరం. సోషల్ వర్క్ ఇంగ్లాండ్ అనే సంస్థ దగ్గర రిజిస్టర్ అవ్వాలి, 2019 డిసెంబర్ నుంచి వాళ్ళే చూస్తున్నారు. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లాండ్‌కి వేరే వేరే సంస్థలు. రిజిస్టర్ అయిన సోషల్ వర్కర్ ఉద్యోగానికి మాత్రం హెల్త్ అండ్ కేర్ వీసా ఇంకా ఉంది, కేర్ వర్కర్లకి మూసిన తలుపు మనకి మూయలేదు. మన ఎం.ఎస్.డబ్ల్యూతో నేరుగా అప్లై చేయొచ్చు, ఇక్కడ మళ్ళీ చదవక్కర్లేదు, వాళ్ళు మన చదువుని వాళ్ళ ప్రమాణాలతో పోల్చి చూస్తారు. ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష అకడమిక్‌లో 7 కావాలి.

ఇక అసలు కిటుకు. పోల్చేటప్పుడు వాళ్ళు చూసేది మార్కులు కాదు, ఫీల్డ్ వర్క్. ఏ సంస్థలో చేశావు, ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, నిన్ను ఎవరు పర్యవేక్షించారు, నువ్వు ఎవరితో ఏం పని చేశావు. మన సర్టిఫికెట్‌లో ఫీల్డ్ వర్క్ అని ఒక లైను, పక్కన మార్కులు, అంతే ఉంటుంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద గంటలతో సహా రాయించి, సిలబస్ మొత్తం పేపర్ల వారీగా స్టాంపు వేయించి తెచ్చుకోవాలి. మన వాళ్ళ ఫైళ్ళు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఆస్ట్రేలియాలో ఏ.ఏ.ఎస్.డబ్ల్యూ అనే సంఘం చూస్తుంది, అక్కడా సుమారు 1000 గంటల ఫీల్డ్ వర్క్ అడుగుతారు. అమెరికా అయితే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లైసెన్సు, కెనడాలోనూ రాష్ట్రాల వారీగానే, ఐర్లాండ్‌లో CORU అనే సంస్థ చూస్తుంది. ఎక్కడికెళ్ళినా ఆ గంటల కాగితం లేకుండా పనవ్వదు, కాబట్టి దేశం తర్వాత చూసుకో, ముందు కాగితం తెచ్చుకో.

పిల్లలెవరైనా ఇక్కడ చదువుకే వద్దామనుకుంటే ఒక జాగ్రత్త. కోర్సు పేరులో సోషల్ అని ఉంటే సరిపోదు. రెగ్యులేటర్ ఒప్పుకున్న కోర్సుల జాబితా ఉంటుంది, అందులో ఉన్న ఎం.ఏ. సోషల్ వర్క్ చేస్తేనే రిజిస్ట్రేషన్. సోషల్ పాలసీ, కమ్యూనిటీ డెవలప్‌మెంట్ లాంటివి మంచి చదువులే గానీ వాటితో ఈ ఉద్యోగం రాదు. లక్షలు పోసి ఇక్కడికొచ్చాక తెలుసుకుని ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు.

ఇప్పుడు నీకు నచ్చని మాట చెప్తా చెల్లీ. వీసా వచ్చే ఉద్యోగం నువ్వు కోరుకున్న పని కాదు. నాకు కౌన్సిల్‌లో ఉద్యోగం, బయటి దేశాల నుంచి తీసుకునేది కూడా ఎక్కువగా కౌన్సిళ్ళే, పిల్లల రక్షణలో గానీ పెద్దల విభాగంలో గానీ. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని వేరు చేయాలా వద్దా అని కోర్టుకి రిపోర్టు రాయడం, మతిమరుపు వచ్చిన పెద్దావిడ ఒంటరిగా ఇంట్లో ఉండగలదా అని చూడడం, సగం రోజు కంప్యూటర్ ముందు టైపింగ్. నువ్వు కోరుకున్న పని, ఆ రాత్రి టీ, ఆ మెట్ల మీద మాట, దానికేమో వీసా లేదు. ఇది తెలుసుకుని రా. పెద్దల విభాగంలో చేరితే రోడ్డు మీద ఉన్నోళ్ళు నీ దగ్గరకి వస్తారు, కేర్ యాక్ట్ 2014 ప్రకారం తనని తాను పట్టించుకోలేని స్థితిలో ఉన్న మనిషి విషయంలో కౌన్సిల్ చూసీ చూడనట్టు ఊరుకోకూడదు, ఆ కేసులు నేను అడిగి మరీ తీసుకుంటా. శనివారం రాత్రి ఊళ్ళో షెల్టర్‌కి వాలంటీర్‌గా వెళ్తా. అలా రెండూ కలుపుకున్నా, ఎవరూ కలిపి ఇవ్వలేదు.

గోదారి_గట్టు:
లీడ్స్ అమ్మాయి చెప్పింది బాగుంది. నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు గానీ, జోగన్న గారి ఎకరాల మాటకి మా ఇంట్లో మా అమ్మాయి తెగ నవ్వింది, తండ్రిని వెక్కిరించడానికి దొరికితే చాలు. ఆ మూడో మెట్టు ఆయన ఎవరో, పేరు వద్దులే, నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఎమ్మార్వో ఉన్నాడు, ఆధార్ ఉత్తరం సంగతి అతనితో మాట్లాడతా. మెసేజ్ పెట్టమ్మా.

పాలకొల్లు_బెర్లిన్:
జర్మనీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. ఇక్కడ సోషల్ వర్కర్‌గా ఉద్యోగం కావాలంటే ప్రభుత్వ గుర్తింపు, ధారాళంగా జర్మన్ రెండూ కావాలి, ఎందుకంటే మనం మాట్లాడాల్సింది తాగి ఉన్న, కోపంగా ఉన్న, యాసలో గొణిగే మనుషులతో, ఇంగ్లీషు ఎందుకూ పనికిరాదు. అది లాంగ్ టర్మ్. దానికి ముందు మెట్టు ఒకటుంది, వాలంటరీ సర్వీస్. ఎఫ్.ఎస్.జె. అని ఒకటి, 27 ఏళ్ళ లోపు వాళ్ళకి. బి.ఎఫ్.డి. అని ఇంకోటి, 2011లో నిర్బంధ సైనిక సేవ ఆపేసినప్పుడు పెట్టారు, దానికి పై వయసు పరిమితి లేదు. మామూలుగా ఒక ఏడాది. జీతం కాదు, చేతి ఖర్చు ఇస్తారు, ఇన్సూరెన్స్ ఉంటుంది, చాలా చోట్ల గది, భోజనం కూడా. మన అప్పులు మాత్రం తీరవండోయ్, ఇంటికి పంపేంత మిగలదు, ముందే చెప్తున్నా. జర్మన్ కనీసం ఏ2, బి1 అనే స్థాయిల వరకు నేర్చుకుని వస్తే వీసా ఆఫీసరుకీ నమ్మకం, మనకీ ప్రాణానికి హాయి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే సెంట్రమ్ ఉంది.

నా ఏడాది దివ్యాంగుల హోమ్‌లో గడిచింది. స్నానం చేయించడం, డైపర్లు, అన్నం తినిపించడం. మొదటి నెల ఇంటికి ఫోన్ చేసి నేనేం పని చేస్తున్నానో అమ్మకి చెప్పలేదు. తర్వాత చెప్తే "మీ తాతకి నేను చేసిందే కదరా" అని తీసిపారేసింది.

ఆదివారాలు స్టేషన్ మిషన్‌కి వెళ్ళేవాణ్ణి. జర్మనీలో వంద పైన రైల్వే స్టేషన్లలో ఉంటుందిది, చర్చి సంస్థలు నడుపుతాయి, మొదటిది 1894లో ఇక్కడ బెర్లిన్‌లోనే పెట్టారు, పల్లెటూళ్ళ నుంచి పని కోసం రైలు దిగే ఆడపిల్లల్ని మోసగాళ్ళ చేతిలో పడకుండా చూడ్డానికంట. ఇప్పుడు ఎవరొచ్చినా టీ, బ్రెడ్డు, కూర్చోడానికి చోటు, ఎక్కడ పడుకోవచ్చో సమాచారం. మన స్టేషన్లలో ఇలాంటి గది ఒకటి ఉంటే అని ప్రతిసారీ అనుకుంటా, లంకపిల్ల గారి టౌన్ స్టేషన్‌లో కూడా. చలికాలం రాత్రుళ్ళు ఒక బస్సు తిరుగుతుంది, రోడ్డు మీద ఎవరన్నా పడుకుని కనిపిస్తే జనం ఫోన్ చేస్తారు, బస్సు వచ్చి తీసుకెళ్తుంది.

చిన్న విషయం ఒకటి. ఇక్కడ ఖాళీ వాటర్ బాటిల్, కోక్ టిన్ను షాపులో తిరిగిస్తే 25 సెంట్లు ఇస్తారు, గాజు బీర్ సీసాకి 8. ఇల్లు లేనోళ్ళు, పింఛను చాలని ముసలోళ్ళు ఇవి ఏరుకుని బతుకుతారు. అందుకని తెలిసినోళ్ళు సీసాని చెత్త డబ్బాలో వేయరు, డబ్బా పక్కన కింద పెట్టి వెళ్తారు, వాళ్ళు చెయ్యి లోపలికి పెట్టి కెలుక్కోకుండా. నాకు ఇది ఎవరూ పాఠంలో చెప్పలేదు, హోమ్‌లో ఒక పేషెంటు వీల్‌చైర్‌లోంచి అరిచి చెప్పాడు, లోపల వేయకురా అని.

తూర్పులండన్_భీమవరం:
పాలకొల్లు బ్రదర్ చెప్పినట్టు యూకేలో కూడా వాలంటరీకి ఒక వీసా ఉంది, ఛారిటీ వర్కర్ వీసా. గరిష్ఠంగా 12 నెలలు, లైసెన్సున్న ఛారిటీ స్పాన్సర్ చేయాలి, జీతం తీసుకోకూడదు, ఉండటం తిండి వాళ్ళు చూడొచ్చు. క్యాంప్‌హిల్ లాంటి చోట్ల బుద్ధి మాంద్యం ఉన్నవాళ్ళతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ చేసే పనికి వాలంటీర్లని తీసుకుంటారు. మీరే వాళ్ళకి ఎదురు డబ్బు కట్టాలి అని ఎవరన్నా అంటే మాత్రం అది టూరు ప్యాకేజీ అనుకోండి, సేవ కాదు.

హసావి_అక్క:
నాకు టైపింగ్ రాదమ్మా మైకులో చెప్తంటే ఫోనే రాసుకుంటంది తప్పులుంటే ఏమనుకోకండి. మాది రాజోలు వైపు. నేను కువైట్ వెళ్ళొచ్చినదాన్ని. అందరూ లండన్ అంటన్నారు జర్మనీ అంటన్నారు మన ఆడోళ్ళు ఎక్కడున్నారో ఒక్కళ్ళూ అనలేదు అందుకని చెప్తన్నాను. మా ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా ఒకళ్ళు కువైట్‌లోనో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. నన్ను ఏజెంటు ఖద్దామా వీసా మీద అంటే ఇంటి పనిమనిషి వీసా మీద పంపాడు, ముప్పై ఏళ్ళు నిండకపోతే పంపకూడదని రూలంట అందుకని వయసు పెంచి రాయించాడు అది కూడా నాకు అక్కడికెళ్ళాకే తెలిసింది. అరబ్బు ఇంట్లో పాస్‌పోర్టు తీసేసుకున్నారు, తీసుకోకూడదని 2015లోనే అక్కడ చట్టం వచ్చిందంట నాకేం తెలుసు, ఫోను లేదు, సెలవు లేదు. మేడ మీద బట్టలారేసేటప్పుడు పక్క మేడ మీద కడప ఆవిడ కనిపించేది ఆవిడ చెప్పింది ఎంబసీకి ఎల్లిపో అని, ఒక రోజు చెత్త పడేయడానికి దిగి అలాగే ఎల్లిపోయాను కాళ్ళకి చెప్పుల్లేవు టాక్సీవోడు పాకిస్తానాయన డబ్బులు తీసుకోలేదు.

ఎంబసీవాళ్ళ షెల్టర్‌లో ఉన్నానమ్మా. అక్కడ మేం ఇల్లు లేనోళ్ళమే కదా మరి. తిండి పెడతారు పడుకోడానికి చోటుంది ఆ మాటకి లోటు చెప్పను. పరుపులు వరసగా ఏసి ఉంటాయి, ఒకళ్ళకి చెయ్యి ఇరిగింది ఒకళ్ళకి మతి చలించింది రాత్రుళ్ళు లేచి కూర్చుని పిల్లల పేర్లు పిలిచేది. కఫీలు అంటే నన్ను పెట్టుకున్న ఆ ఇంటి యజమాని నా మీద పారిపోయిందని కేసు పెట్టాడు, ఆ కేసు తేలాలి అవుట్ పాస్ రావాలి, అదే పాస్‌పోర్టు లేనోళ్ళు ఇంటికెళ్ళడానికి ఇచ్చే కాగితం, టికెట్ రావాలి. కాగితాలన్నీ అరబ్బీ, అడిగేవాళ్ళు హిందీ ఇంగ్లీషు. మాకు తెలుగు తప్ప ఏం రాదు. సంతకం పెట్టమంటే పెట్టేయడమే. మనూరి కుర్రోళ్ళు కొందరు అసోసియేషన్ అని వచ్చి సాయం చేసేవారు పాపం పని మానుకుని, కానీ మగోళ్ళు, చెప్పలేని విషయాలుంటాయి కదమ్మా. నాకు ఒంట్లో ఏం జరిగిందో నేను ఎవరికి చెప్పాలి. చదువుకున్న ఆడపిల్ల ఒక్కత్తి, తెలుగు వచ్చినది, పక్కన కూర్చుని నీకేం జరిగిందో చెప్పు అని అడిగి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తది. నువ్వు ఎక్కడికన్నా ఎళ్ళు గాని ఈ మాట చెవిన ఏసుకో.

లంకపిల్ల:
అక్కా...

మా పిన్ని మస్కట్‌లో చేసొచ్చింది. ఇప్పటిదాకా అక్కడ ఎలా ఉండేదని నేను అడగలేదు. తెచ్చిన చాక్లెట్లు తిన్నా.

మోడరేటర్:
హసావి అక్క గారికి ధన్యవాదాలు. ఇలాంటి ఇబ్బందిలో మన వాళ్ళెవరైనా ఉంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంటి దగ్గర్నుంచి కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, బయటి దేశాల్లో ఉన్న మన తెలుగువాళ్ళ కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్టీ సొసైటీకి 24 గంటల హెల్ప్‌లైన్ ఉంది. ఎంబసీల దగ్గర ఐసీడబ్ల్యూఎఫ్ అని 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంది, షెల్టర్ ఖర్చు, టికెట్ దానిలోంచే ఇవ్వొచ్చు.

కాకినాడ_టు_లీడ్స్:
అక్క చెప్పింది విన్నాక ఒకటి కలుపుతా. గల్ఫ్‌కి వెళ్ళి సొంతంగా సంస్థ పెట్టి సాయం చేద్దాం, చందాలు పోగు చేద్దాం అనే ఆలోచన ఎవరికైనా వస్తే ఆగండి, అక్కడ అనుమతి లేకుండా చందా వసూలు చేయడమే నేరం. ఎంబసీ గుర్తించిన సంఘాలతోనే చేయాలి, అదీ ఎక్కువగా జీతం లేని పనే. తిరిగొచ్చిన వాళ్ళతో ఇక్కడ జిల్లాలో పని చేయడం మాత్రం ఎవరూ ఆపరు, అది కూడా వలస వాళ్ళతో పని కిందకే వస్తుంది. యు.ఎన్. వాలంటీర్స్ వాళ్ళ అంతర్జాతీయ పోస్టులకి ఇలాంటి అనుభవం అడుగుతారు, స్పెషలిస్ట్ కేటగిరీకి 27 ఏళ్ళు నిండాలి, బతకడానికి సరిపడా అలవెన్సు ఇస్తారు. అమ్మాయి ఎక్కడెక్కడో వెతికే అనుభవం రాజోల్లో ఉండొచ్చు.

కాజా_బాబాయ్:
సరదాగా రాసే నాకే ఇవాళ ఏం తోచట్లేదు. చెల్లెమ్మా, ఐఈఎల్టీఎస్ ఫీజు సంగతి ఇబ్బందైతే నాకు మెసేజ్ చెయ్యి, అప్పుగానే తీసుకో, వడ్డీ లేదు, నెలకింతని కట్టు. ఇది పబ్లిక్‌లో ఎందుకు రాశానంటే వెనక్కి తగ్గకుండా ఉంటానని.

లంకపిల్ల:
అందరికీ ఎలా చెప్పాలో తెలీట్లేదు. నిన్నంతా కూర్చుని ఒక నోటు పుస్తకంలో రాసుకున్నా. జర్మనీ ఏడాది మనసుకి బాగా పట్టింది, కానీ ఇంటి అప్పు ఉన్నంతకాలం చేతి ఖర్చు మీద వెళ్ళలేను, చెల్లి చదువు అయ్యాక చూస్తా, వయసు పరిమితి లేదన్నారు కదా. ఇప్పటికి లీడ్స్ అక్క చెప్పిన దారే, పెద్దల విభాగం, రిజిస్ట్రేషన్. కౌన్సిల్ టైపింగ్ పని నాకు నచ్చుతుందో లేదో తెలీదు, నచ్చకపోతే శనివారం రాత్రులున్నాయిగా.

ఈలోపు హసావి అక్కని కలవడానికి వచ్చే ఆదివారం వెళ్తున్నా, ఆవిడే మెసేజ్ పెట్టారు, వాళ్ళూళ్ళో తిరిగొచ్చిన ఆడవాళ్ళు ఇంకొందరు ఉన్నారంట, మాట్లాడతామన్నారంట. పిన్నిని కూడా తీసుకెళ్తున్నా.

ఒక్క చిక్కు. ఇవాళ కాలేజీకి ఫోన్ చేసి ఫీల్డ్ వర్క్ గంటలు లెటర్‌హెడ్ మీద కావాలంటే "అలాంటి ఫార్మాట్ మా దగ్గర లేదు, మార్కుల లిస్టులో ఉంది కదా, అదే చాలు" అన్నారు. మా ఫీల్డ్ వర్క్ మేడమ్ రిటైరైపోయారు. ఏం చేయాలక్కా?

కాకినాడ_టు_లీడ్స్:
ఫార్మాట్ లేదంటారు, అందరికీ అదే అన్నారు, నాకూ అన్నారు. ఫార్మాట్ నువ్వే టైపు చేసి తీసుకెళ్ళు, సంతకం చోటు ఖాళీగా వదులు. నీ ఫీల్డ్ వర్క్ డైరీలు ఉన్నాయా? వారం వారం సూపర్‌వైజర్ సంతకం పెట్టిన రికార్డు ఉంటుంది కదా, అది దొరికితే సగం పనైపోయినట్టే, గంటలు దాన్నిబట్టి లెక్కేసి పెట్టు. రిటైరైన మేడమ్ ఇంటి అడ్రస్ పట్టుకో, ఆవిడ విడిగా ఒక ఉత్తరం ఇచ్చినా పనికొస్తుంది. ఫోన్‌లో అడగొద్దు, స్వయంగా వెళ్ళు, అదీ మధ్యాహ్నం భోజనాల ముందు.

లంకపిల్ల:
డైరీలు ఉన్నాయక్కా, మా అమ్మ పాత పుస్తకాలతో కలిపి అటక మీద పడేసింది. మొన్న వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు కూడా అటకకి తగల్లేదు. రేపు ఇంటికెళ్ళి దింపుతా.